లోపలికి వెళ్ళగానే పలకరించు

ఆ ఏడు పెద్దవానలు మొదలయ్యేనాటికి మా యూనివర్సిటీ లైంగిక వేధింపుల నిరోధక విధానం, ఇరవై మూడు పేజీలూ, నాకు నోటికొచ్చు. ఏ పేజీలో ఏముందో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. విద్యార్థి సంక్షేమ కార్యాలయం వాళ్ళు మాలో ఆరుగురిని ఏరి, తలా ఒక ఆకుపచ్చ టీషర్టూ, ఒక కట్ట కార్డులూ చేతికిచ్చి హాస్టళ్ళ మీదికి వదిలారు. కార్డు మీద మూడు ఫోన్ నంబర్లు, నర్సు గది వేళలు, ఫిర్యాదు పెట్టె ఎక్కడుందో, అన్నిటికంటే అడుగున ‘మౌనం వీడండి’ అనీ ఉండేవి. ఆ చివరి మాట అందరికంటే గట్టిగా పలికేదాన్ని నేనే. అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పుడు నాకే ఒళ్ళు మండుతుంది.

మగపిల్లల హాస్టల్లో వెనక బెంచీ నుంచి ఎవడో ఒకడు లేచేవాడు. "అక్కా, అమ్మాయి నవ్విందనుకో, ఒప్పుకున్నట్టా కాదా?" హాలంతా ఘొల్లుమనేది. "ఇందాకట్నుంచీ నన్ను చూసి నువ్వు నవ్వుతూనే ఉన్నావు. ఒప్పుకున్నావని రాసుకోనా?" అంటే ఆ నవ్వు వాడి మీదికి తిరిగేది. ఆడపిల్లల హాస్టల్లో నవ్వులుండేవి కావు. రేకుల కప్పు మీద వాన కొడుతుంటే గొంతు చించుకుని చెప్పేదాన్ని. వాళ్ళు కార్డు తీసుకుని, చిన్నగా మడిచి, ఫోను కవరు వెనక దాచుకునేవాళ్ళు. ప్రశ్నలున్నాయా అంటే ఒక్కరూ చెయ్యెత్తేవాళ్ళు కాదు. చెప్పింది బాగా అర్థమైందనుకునేదాన్ని.

నేనుండేది కంపాలాకి బస్సు దూరంలో ఉన్న మా యూనివర్సిటీ కొండ కింద, మా మేనత్త ఇంట్లో. మేనత్తని మేం సెంగా అంటాం. పెళ్ళి కుదిరిన పిల్లకి కాపురం సంగతులన్నీ విప్పి చెప్పే బాధ్యత మాలో సెంగాది. మా సెంగా నన్సికోంబి ఆ పనిలో ఎంత పేరు తెచ్చుకుందంటే, సొంత మేనత్తలున్న పిల్లలు కూడా ఆవిడని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. శనివారం వచ్చిందంటే వెనక గదిలో చాప మీద ఒక పెళ్ళికూతురు ఉండాల్సిందే.

"మనిద్దరిదీ ఒకటే ఉద్యోగమే నబుకేరా," అనేది అరటికాయలు చెక్కు తీస్తూ. "నేను సరేననడం నేర్పుతాను, నువ్వు వద్దనడం నేర్పుతావు. ముందు నీ దగ్గరికొచ్చినవాళ్ళు నా దగ్గరికి రాకుండా పోయేరు, నా పొట్ట కొట్టకు."

ఆవిడకి ఒక్కతే కూతురు, గోరెట్టి. పందొమ్మిదేళ్ళు, మొదటి సంవత్సరం చదువుతోంది. నన్ను వదినా అని పిలిచేది. ఆ పిల్ల పెంపకం గురించి పేటలో చెప్పుకునేవాళ్ళు. ఎదురుగా ఎవరొచ్చినా దారి వదిలి పక్కకి జరిగేది, ఎవరి మాటకీ అడ్డు చెప్పేది కాదు. నేను మాత్రం "నోట్లో నాలుక లేదా నీకు?" అని దెప్పేదాన్ని.

ఏప్రిల్లో నోటీసు బోర్డు మీద మొదటి సెమిస్టరు మార్కుల జాబితా అంటించారు. ఒక పేపర్లో గోరెట్టి పేరు ఎదురుగా అంకె లేదు, చిన్న గీత ఉంది. మార్కులు తప్పిపోవడం మా దగ్గర మామూలే. ఆ పేపరు చెప్పే ఆయన గదికి వెళ్ళి, ఆయన తీరిక చూసుకుని, వెతికించుకోవాలి. ఆ పేపరు డాక్టర్ కలుంగిది. చర్చిలో పాట అందుకునే మనిషి, గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు.

"వదినా, ఆయన గదికి రమ్మన్నారు."

"అయితే వెళ్ళు. మార్కులు నడిచి నీ దగ్గరికి వస్తాయా?"

లెక్చరర్ గదికి ఒంటరిగా వెళ్ళొద్దు, ఒకరిని తోడు తీసుకెళ్ళండి అని ఆరో పేజీలో ఉంది. వారానికి మూడు హాళ్ళలో ఆ మాట చెప్పేదాన్ని. ఇంట్లో పిల్లకి చెప్పాలని తోచలేదు.

మే మొదటి వారంలో మిడతలు దిగాయి. శనివారం మధ్యాహ్నం వరండాలో బుట్ట ముందేసుకుని, వేళ్ళకి బూడిద రాసుకుని, గోరెట్టీ నేనూ వేయించుకు తినడానికి వాటి రెక్కలూ కాళ్ళూ తుంచుతున్నాం. లోపల గదిలో సెంగా ఏదో చెబుతుంటే పెళ్ళికూతురు ముసిముసిగా నవ్వడం వినబడుతోంది. గోరెట్టి రెండు వారాలుగా సరిగ్గా తినడం లేదు. పరీక్షల దిగులేమో అనుకున్నాను.

"వదినా, మీ పుస్తకంలో తలుపు గురించి ఏమైనా రాశారా?"

"ఏ తలుపు?"

"లోపల్నుంచి గడియ పెట్టిన తలుపు."

నా చేతిలో మిడత కాళ్ళు ఇంకా ఆడుతూనే ఉన్నాయి. గోరెట్టి తలెత్తలేదు, రెక్కలు తుంచడం ఆపలేదు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన సోడా ఇచ్చి, జాబితా ఇంకా దొరకలేదన్నాడట. రెండోసారి గడియ పెట్టాడు. ఆ తర్వాత జరిగింది కూడా చెప్పింది, చివరిదాకా. అది నేను ఇక్కడ రాయను. లోపల పెళ్ళికూతురు మళ్ళీ నవ్వింది. ఆ నవ్వు నేను ఇవాళ్టికీ మరిచిపోలేదు.

ఆ సాయంత్రం సెంగాకి చెప్పాం. ఆవిడ కూర్చున్నచోటు నుంచి కదలకుండా విన్నది.

"మా కాలంలో అయితే వాడి వంశం పెద్దల దగ్గరికి వెళ్ళేవాళ్ళం," అంది. "వాళ్ళు ఒక మేకని తోలి, తప్పయిపోయిందని చెప్పి చేతులు దులుపుకునేవాళ్ళు. నీ పుస్తకం అంతకంటే నయమేనా?"

"నయమే సెంగా."

"ఒట్టేనా?"

"ఒట్టు," అన్నాను. ఎంత నిబ్బరంగా అన్నానో.

మేం ఫిర్యాదులో అడిగింది రెండే. గోరెట్టి పేపరు వేరేవాళ్ళు దిద్దాలి, ఆగస్టు నుంచి ఆమె ఆయన క్లాసులో కూర్చోనక్కర్లేకుండా చూడాలి. ఆ పేపరు గట్టెక్కితే తప్ప రెండో సంవత్సరంలోకి రానివ్వరు. అదంతా నేనే దగ్గరుండి రాయించాను. ఎక్కడ ఏ పేజీ, ఏ పేరా అని పక్కన అంకెలు కూడా వేశాను.

ఫిర్యాదు అందినట్టు ఆయనకి నోటీసు వెళ్ళిన ఆదివారం, చర్చి నుంచి బయటికొస్తుంటే డాక్టర్ కలుంగి గొడుగు మూసుకుంటూ మా ఎదురుగా ఆగాడు. గోరెట్టి ఆ రోజు రాలేదు. సెంగాని ఆరోగ్యం అడిగాడు, కసావా దుంపల తోట ఎలా ఉందని అడిగాడు, పోయినేడు పోయిన మా మామయ్య సమాధి మీద రాయి వేయించారా అని అడిగాడు. సెంగా ఒక్కొక్కదానికే జవాబు చెప్పింది. ఏం చేస్తుంది, జనం చూస్తున్నారు.

"మీ అమ్మాయి ఈమధ్య క్లాసులో మరీ వెనక కూర్చుంటోంది," అన్నాడు. "ముందుకొచ్చి కూర్చోమనండి."

తర్వాత నా వైపు తిరిగాడు. "నబుకేరా, హాస్టళ్ళలో బాగా చెబుతున్నావట, విన్నాను. పద్నాలుగో పేజీలో చిన్న తప్పుంది చూశావా? రాసేటప్పుడే అనుకున్నాను సరిచెయ్యాలని."

ఆ విధానం రాసిన నలుగురిలో ఆయనొకడని నాకు అప్పుడే తెలిసింది. ఫిర్యాదు చేసినమ్మాయిని ఎదుటివాళ్ళు కలవకూడదని తొమ్మిదో పేజీలో ఉంది. ఆయన కలవలేదు. వాళ్ళమ్మని పలకరించాడు, అంతే.

విచారణ ముందు వారమంతా గోరెట్టిని తయారుచేశాను. కుర్చీలు వరసగా వేసి కమిటీ నేనే అయ్యేదాన్ని. తేదీలు తడబడకుండా చెప్పించాను. ఏడుపొస్తే ఏడవమన్నాను, గుర్తులేకపోతే లేదనమన్నాను. ఆఖరిరోజు గడపలో నిలబెట్టి మరో మాట చెప్పాను.

"లోపలికి వెళ్ళగానే గదిలో ఉన్న అందరినీ మర్యాదగా పలకరించు. ఎవర్నీ వదలకు. పొగరుబోతు పిల్ల అని మొదట్లోనే ముద్ర వేశారంటే ఇక నువ్వేం చెప్పినా వినరు."

"అలాగే వదినా," అంది.

ఫిర్యాదీ వెంట ఒకరు తోడు వెళ్ళొచ్చు, నోరు మాత్రం మెదపకూడదు. ఆ తోడు నేను. బయట వాన. గదిలో పొడుగు బల్ల వెనక కమిటీ వాళ్ళు ఐదుగురు, అందులో ఇద్దరు ఆడవాళ్ళు. మధ్యలో అధ్యక్షుడు ప్రొఫెసర్ వాలుసింబి. కలుంగిని వేరే కూర్చోబెడతారనుకున్నాను. అదే బల్ల చివర, అదే రకం కుర్చీలో కూర్చోబెట్టారు.

గోరెట్టి గుమ్మం దాటగానే మోకాళ్ళ మీద కూర్చుంది. మాలో ఆడపిల్ల పెద్దవాళ్ళని నిలబడి పలకరించదు. జీన్సు వేసుకుని తిరిగే నేను కూడా ఇంట్లో సెంగాకి టీ ఇవ్వాలంటే మోకరిల్లాల్సిందే. చూపు దించుకుని, ఒక్కొక్కరి వైపూ తిరిగి, రాత్రి సుఖంగా గడిచిందా అయ్యా, పనులు బాగా సాగుతున్నాయా అమ్మా అని వరసగా అడుగుతూ వెళ్ళింది. ఐదుగురూ అయ్యారు. బల్ల చివరికి వచ్చాక ఒక్క ఊపిరి పాటు ఆగింది. వద్దు, ఇక లే, అని నా మనసులో అరుస్తున్నాను. నేను నోరు మెదపకూడదు.

"రాత్రి సుఖంగా గడిచిందా అయ్యా?"

"గడిచిందమ్మా గోరెట్టి," అన్నాడు కలుంగి. ఆ గొంతులో ఎంత ఆప్యాయత. "మరి నీకు?"

"గడిచిందయ్యా."

"ఇంట్లో అందరూ కులాసాయేనా?"

"కులాసాయేనయ్యా."

"మీ అమ్మగారి పనులు?"

"సాగుతున్నాయయ్యా. మీకు మా కృతజ్ఞతలు."

ప్రొఫెసర్ వాలుసింబి కలం తీసి ఏదో రాసుకున్నాడు. గోరెట్టి లేచి కుర్చీలో కూర్చున్నాక మొట్టమొదట అడిగిన ప్రశ్న తేదీల గురించి కాదు.

"అమ్మాయ్, ఈ గదిలో నీకు భయం కలిగించేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నారయ్యా."

"నువ్వు ఇప్పుడు మోకరిల్లి క్షేమం అడిగినాయనేనా?"

"అవునయ్యా. పెద్దవారు కదయ్యా."

"అంటే ఆయన మీద నీకు గౌరవం ఉంది."

గోరెట్టి తన చేతులకేసి చూసుకుంది.

"ఉందా, లేదా?"

పెద్దాయన రెండుసార్లు అడిగాడు. ఆ పిల్ల ఏ పెద్దవాళ్ళకీ జీవితంలో లేదని చెప్పి ఎరగదు. "ఉందయ్యా," అంది. బల్ల వెనక ఆడవాళ్ళిద్దరి వైపూ చూశాను. ఇద్దరూ మా వాళ్ళే. ఎన్ని వేలసార్లు అలా మోకరిల్లి ఉంటారో వాళ్ళకి తెలుసు, ఇష్టం లేనివాళ్ళ ముందు కూడా. ఒకావిడ కళ్ళద్దాలు తుడుచుకుంటోంది, రెండో ఆవిడ వాన చూస్తోంది. గడియ పెట్టిన తలుపు గురించి ఆ తర్వాత గంటసేపు అడిగారు. వాళ్ళు అప్పటికే తేల్చేసుకున్నారని ఆ మొదటి ప్రశ్నకే నాకు తెలిసిపోయింది.

పది రోజులకి ఉత్తరం వచ్చింది. నేనే చదివి వినిపించాను. ‘ఫిర్యాదీ ప్రతివాదిని స్వచ్ఛందంగా, గౌరవపూర్వకంగా పలకరించి, కుటుంబ క్షేమ సమాచారాలు మాట్లాడినది. భయము గాని, విముఖత గాని కమిటీకి కానరాలేదు.’ పేపరు ఆగస్టులో మళ్ళీ రాసుకోవచ్చట. చెప్పేది, దిద్దేది డాక్టర్ కలుంగేనట.

సెంగా ఉత్తరం తీసుకుని తిరగేసి చూసింది, వెనక ఇంకేమైనా ఉందేమోనని.

"నేనే నేర్పాను," అంది. "మూడేళ్ళప్పుడు. మోకాళ్ళు నొప్పని ఏడిస్తే బెత్తం చూపించి మరీ కూర్చోబెట్టాను. నా చేతుల్తో నేనే కట్టి పంపాను కదే దాన్ని."

గోరెట్టి నా వైపు చూసింది. ఎవర్నీ వదలకు అన్నది ఎవరో మా ఇద్దరికే తెలుసు. తను చెప్పలేదు. చెప్పాల్సినదాన్ని నేను, నేనూ చెప్పలేదు. సిగ్గు లేకుండా ఆ పూట అన్నం కూడా తిన్నాను.

అప్పీలుకి పదిహేను రోజుల గడువు. ఇరవయ్యో పేజీ. ఈసారి తోడుగా సెంగా వెళ్ళింది. నేను వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాను, అద్దం పలకల సందులోంచి సగం గది కనబడుతోంది. పెద్ద కమిటీ, ఏడుగురు. గోరెట్టి లోపలికి వెళ్ళి నిలబడింది. గది అంతా ఎదురుచూస్తోంది. ఆ పిల్ల మోకాళ్ళు వాటంతట అవే వంగడం నేను చూశాను. సెంగా దాని మోచెయ్యి పట్టుకుని పైకి లాగింది. అలాగే పట్టుకుని నిలబెట్టింది. తనూ నిలబడే ఉంది.

"ఏమ్మా, మీ ఇంట్లో పలకరింపులు మానేశారా?" అన్నాడెవరో.

"మొన్న పలకరించింది కదయ్యా," అంది సెంగా. "మీరు రాసుకున్నారు కూడా."

తోడు వచ్చినవాళ్ళు మాట్లాడకూడదని గుర్తుచేసి ఆవిడని బయటికి పంపేశారు. వరండాలో నా పక్కకొచ్చి నిలబడింది. లోపల గోరెట్టి ఒక్కతే, నిలబడే, అడిగినవాటికన్నిటికీ జవాబు చెప్పింది. గౌరవం ఉందా లేదా అని మళ్ళీ అడిగితే "లేదు," అంది. వరండాలో సెంగా గోడకి ఆనుకుంది.

రెండో ఉత్తరం నాలుగు రోజులకే వచ్చింది. ‘అప్పీలుదారు కమిటీ పట్ల అమర్యాదగా ప్రవర్తించినది. పెద్దలను పలకరించే కనీస సంస్కారం చూపలేదు. ఇట్టి స్వభావం గల వ్యక్తి ఆరోపణల విశ్వసనీయత సందేహాస్పదము.’

సెంగా నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఎంతకీ ఆగకపోయేసరికి నాకు భయమేసింది. నవ్వు ఆగాక మళ్ళీ అదే మాట. "మొదటిరోజే నేను వెళ్ళి ఉంటే. నేనేగా నేర్పింది."

"నువ్వు కాదు సెంగా," అన్నాను. "అందర్నీ పలకరించమని, ఎవర్నీ వదలొద్దని చెప్పింది నేను. ఆయన్ని వదిలేద్దామా అని దానికి అనిపించి ఉంటుంది, అక్కడ ఆగింది కూడా. నా మాట విని వదల్లేదు."

సెంగా నా వైపు తిరిగింది.

"ఎప్పట్నుంచీ దాచావు?"

"మొదటి ఉత్తరం వచ్చినప్పట్నుంచి."

"నేను నన్ను తిట్టుకుంటుంటే విన్నావన్నమాట, పక్కనే కూర్చుని."

అంతే. తర్వాత తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. కంచం పెట్టేది, మాట లేదు. గోరెట్టి మధ్యలో సర్దిచెప్పబోతే దాన్నీ కసిరింది. జూన్ చివర్లో గోరెట్టి సూట్‌కేసు సర్దుకుని కంపాలాలో వాళ్ళ బాబాయి కుట్టు దుకాణానికి వెళ్ళిపోయింది. ఆగస్టులో ఆ క్లాసులో కూర్చోవడం కంటే అదే నయమంది. బస్సెక్కేముందు నా చెయ్యి పట్టుకుని, "పాఠాలు చెప్పడం మానకు వదినా. ఉత్తరాలు రెండూ నీ దగ్గరే ఉంచాను. చదవాలనిపిస్తే చదువు," అంది. వెనక గది చాప చుట్టి గోడకి చేరేసి ఉంది. పెళ్ళికూతుళ్ళు వస్తే వేరే సెంగాని చూసుకోమని వాకిట్లోంచే పంపించేస్తోంది మా సెంగా.

ఆగస్టులో కొత్త పిల్లలొచ్చారు. సంక్షేమ కార్యాలయం కొత్త కట్ట కార్డులిచ్చింది. విచారణ సంగతులు బయటపెడితే ఏ శిక్షో పదిహేడో పేజీలో ఉంది, అది కూడా నాకు నోటికొచ్చు. ఆడపిల్లల హాస్టల్ హాల్లో రెండు వందల మంది ముందు, గోరెట్టి పేరు తీసేసి, రెండు ఉత్తరాలూ ఒకదాని తర్వాత ఒకటి చదివాను. వార్డెన్ తలుపు దగ్గర నిలబడి వింది, తర్వాత ఫోను తీసుకుని బయటికి నడిచింది.

మధ్య వరసలోంచి ఒక చెయ్యి లేచింది. ఆ హాల్లో నేను చూసిన మొదటి చెయ్యి అది.

"మరి మోకరిల్లమంటారా, వద్దంటారా అక్కా?"

"నాకు తెలీదు," అన్నాను. "రెండూ చూశాను. నేను చెప్పిన మాట వల్లే ఒక పిల్ల ఓడిపోయింది. గదికి ఒంటరిగా వెళ్ళొద్దు. ఇప్పటికి అంతవరకే చెప్పగలను."

ఆ రోజు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నేను మిగిలిన కార్డులు సంచిలో పెట్టుకుంటుంటే ఒక పిల్ల వెనక్కి వచ్చింది. సన్నగా ఉంది, చెప్పులు చేత్తో పట్టుకుంది. నాకు నమస్కారం చెప్పడానికి అలవాటుగా మోకాళ్ళు వంచింది. సగం వంచి ఆగిపోయింది. కిందికి దిగాలో పైకి లేవాలో చెప్పమన్నట్టు నా మొహంలోకి చూసింది. నేను చెయ్యి పట్టుకుని బెంచీ మీద నా పక్కన కూర్చోబెట్టాను.

"శుక్రవారం గదికి రమ్మన్నారక్కా. నా మార్కులు తప్పిపోయాయట."

"ఎవరు? డాక్టర్ కలుంగేనా?"

"కాదు," అని ఆ పిల్ల ఒక పేరు చెప్పింది. నేను ఎన్నడూ వినని పేరు.

శుక్రవారం ఎన్ని గంటలకని అడిగాను. నేనూ వస్తానన్నాను.